ఘాట్ ఎక్కితే గుట్టు రట్టు!

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా పాత అంబాసిడరో పద్మినియో హాయిగానే వెళ్లొస్తుంది. అదే కారును ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హార్స్‌లీ హిల్స్ ఘాట్ మీదికి తీసుకెళ్లండి. బానెట్ కింద టకటకమని చప్పుడు... రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు! 'పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించాం కదా, ఇంకా ఏమిటీ గోల?' అనిపిస్తుంది.

కిట్ మంచిదే. కాకపోతే అన్ని రోగాలకూ అదే మందు కాదు.

పాయింట్లది 1910 ప్రాంతంలో అమెరికా ఇంజినీరు చార్లెస్ కెటరింగ్ తెచ్చిన పద్ధతి. డిస్ట్రిబ్యూటర్‌లో అవి విడిపోయినప్పుడల్లా ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. వాడేకొద్దీ పాయింట్లు కాలి, అరిగి గ్యాపు మారుతుంది. దాంతో టైమింగూ తప్పుతుంది. కిట్‌లో వాటి స్థానంలో అయస్కాంతం, సెన్సర్ ఉంటాయి. ఒకదానికొకటి తగలవు కాబట్టి అరిగే బాధ లేదు.

ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్లకూ కలిపి సెకనుకు 100 రవ్వలు పడాలి. ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే సమయమెంతో తెలుసా? సెకనును 18,000 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క! పెట్రోలు మండటానికి కాస్త వ్యవధి కావాలి కాబట్టి పిస్టన్ పైకి చేరేలోపే రవ్వ పడాలి. వేగం పెరిగేకొద్దీ ఇంకాస్త ముందు. ఇదే 'అడ్వాన్స్'. మరీ ముందైతే ఆ టకటకలు, పిస్టన్లకు చేటు. ఆలస్యమైతే ఇంజిన్ వేడెక్కుతుంది, పెట్రోలు తాగేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. మామూలు కిట్‌లు అడ్వాన్స్ సంగతి పట్టించుకోవు. ఆ పని డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న బరువులది, స్ప్రింగులది, వ్యాక్యూమ్ డబ్బాది. బరువులు తుప్పుపట్టి బిగుసుకుంటే, స్ప్రింగు సాగితే, షాఫ్టు బుష్ అరిగితే సెన్సర్ ఏం చేస్తుంది? పైగా డిస్ట్రిబ్యూటర్ తిరిగేది ఇంజిన్‌లో సగం వేగంతో. అక్కడ 2 డిగ్రీల తేడా వస్తే ఇంజిన్ దగ్గర 4 డిగ్రీలవుతుంది. చదును రోడ్డు మీద బయటపడని ఈ లోపం, బరువు లాగే ఘాట్‌లో బయటపడుతుంది.

అందుకే కిట్ బిగించాక 'చెవితో విని' సరిపెట్టొద్దని మెకానిక్‌కు చెప్పండి. వ్యాక్యూమ్ పైపు తీసి, దాని మూతి మూసి, క్రాంక్ పుల్లీ మీది గుర్తును టైమింగ్ లైట్‌తో చూడాలి. యాక్సిలరేటర్ పెంచితే గుర్తు మెల్లగా జరగాలి, తగ్గిస్తే తిరిగి చోటికి రావాలి. ఎగిరెగిరి పడుతుంటే షాఫ్టునూ బుష్‌నూ అనుమానించాలి. కదలకపోతే బరువులు పట్టేసినట్టే. ఎన్ని డిగ్రీలుండాలో ఆ కారు మాన్యువల్ చెబుతుంది.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్నవాటిని కాపాడుకోవాల్సిందే. ఈసారి కొండెక్కే ముందు కిట్‌తోపాటు డిస్ట్రిబ్యూటర్‌నూ ఓసారి విప్పి చూపించండి!