నోరు విప్పని పిల్లలకు ఓ తెల్లకాగితం

బెంగళూరులో తెలుగు మాధ్యమం బడికి వచ్చే పిల్లలకు రోజూ మూడు భాషలతో పని. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, ఫోనులోనూ దుకాణం బోర్డుల మీదా ఇంగ్లిషు. తల్లిదండ్రుల్లో చాలామంది అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు. ఒకచోట భవనం పూర్తయితే ఇంకోచోటికి కాపురం మారుతుంది. పిల్లవాడి స్నేహితులు మాత్రం పాత వీధిలోనే ఉండిపోతారు. ఇక తెలుగులో కింది తరగతులు ముగించి కన్నడ మాధ్యమానికో, ఇంగ్లిషు మాధ్యమానికో మారవలసి వచ్చినప్పుడు, అంతవరకు గలగలా మాట్లాడిన పిల్లలు సైతం వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటారు. "ఏమైంది నాన్నా?" అని అడిగితే "ఏం లేదు మేడం" అనడం తప్ప మరో మాట రాదు.

ఆ "ఏం లేదు" వెనక ఏదో ఒకటి ఉంటుందని మన ఉపాధ్యాయులందరికీ తెలుసు. నలుగురిలో అడిగితే చెప్పరు, పక్కకు పిలిచి అడిగితే భయపడతారు. అలాంటి పిల్లల చేతికి ఒక కాగితం, ఒక పెన్సిలు ఇచ్చి చూడండి. ఖర్చు లేదు, యంత్రం అక్కర లేదు. పాత క్యాలెండరు వెనకవైపు, నిరుటి నోటుపుస్తకంలో మిగిలిన పేజీలు, పెళ్లి శుభలేఖలు ఏవైనా చాలు.

పేరు పెడితే బరువు తగ్గుతుంది

ఇప్పుడు పిల్లలు ఏ బాధ కలిగినా "టెన్షన్" అనేస్తున్నారు. మన భాషలో ఒక్కో బాధకు ఒక్కో పేరుంది. ఊరు మీద, అవ్వ మీద కలిగేది బెంగ. కొత్త బడి గుమ్మం దగ్గర కలిగేది బెరుకు. తప్పు చదివితే నవ్వుతారేమోనని జంకు. తన తప్పు లేకుండా తిట్లు పడితే ఉక్రోషం. స్నేహితుడు ఆటలో చేర్చుకోకపోతే చిన్నబోవడం. ఇవన్నీ ఒకటి కావు, వాటికి చేయవలసిన ఉపాయాలూ ఒకటి కావు. బెంగకు అవ్వతో ఫోనులో మాట్లాడించాలి. జంకుకు చదివేముందు రెండుసార్లు సాధన చేయించాలి. ఉక్రోషానికి జరిగింది ఓపికగా వినాలి.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. కోపం, భయం కనిపించే ముఖాల చిత్రాలు చూస్తూ ఆ భావానికి పేరు పెట్టినప్పుడు, మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం తీవ్రత తగ్గిందని అందులో తేలింది. పేరు పెట్టాలంటే మాట తెలిసి ఉండాలి. ఆ మాటలు పిల్లలకు ముందుగా దొరికేది అమ్మ భాషలోనే. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన సౌకర్యం ఉండాలని చెప్పే 350ఎ అధికరణం 1956లో మన రాజ్యాంగంలో చేరింది. పాఠం అర్థం కావడానికే కాదు, మనసు చెప్పుకోవడానికీ ఆ భాషే ఆసరా అని మేము నమ్ముతాం.

రాస్తే ఏమవుతుంది?

మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ తన సహచరితో కలిసి 1986లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మొదటి మెట్టు. కళాశాల విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమను కలచివేసిన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. తర్వాత జరిగిన అనేక అధ్యయనాల్లో మేలు కనిపించినా, అది కొద్దిపాటిదే. అందుకే దీన్ని మందు అనుకోకూడదు, మంచి అలవాటు అనుకోవాలి.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. జెరార్డో రమిరెజ్, షాన్ బైలాక్ 2011లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థుల్లో, పరీక్ష అంటే బాగా భయపడేవారికి మార్కులు మెరుగయ్యాయి. భయం బుర్రలో తిరుగుతూ ఉంటే లెక్కకు చోటు ఉండదు. దాన్ని కాగితం మీద దించేస్తే చోటు దొరుకుతుంది. ఎస్.ఎస్.ఎల్.సి. సన్నాహక పరీక్షల నాడే ఈ అలవాటు చేయిస్తే మంచిది.

మడతలో నెమ్మది

రాయడం ఇష్టం లేని పిల్లలకు మడతలున్నాయి. 1840లో తన బాలల బడికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్, కాగితం మడవడాన్ని చదువులో భాగం చేశారు. ఆ పద్ధతి చూసి స్ఫూర్తి పొందిన తండలం సుందరరావు, కాగితం మడతలతోనే రేఖాగణితం నేర్పే ఇంగ్లిషు పుస్తకం రాశారు. అది 1893లో మన పక్కనే ఉన్న మద్రాసులో అచ్చయింది, 1901లో అమెరికాలోనూ వెలువడింది.

అంచుకు అంచు కలిపి మడవాలంటే కళ్లు, వేళ్లు, ఊపిరి ఒకచోటికి రావాలి. తొందరపడితే మడత వంకరపోతుంది, విప్పి మళ్లీ మడిస్తే సరవుతుంది. పోట్లాడుకుని వచ్చిన పిల్లలకు కాగితం పడవ చేయమని చెబితే, మూడో మడతకల్లా వాళ్ల భుజాలు దిగడం మేము గమనిస్తూనే ఉన్నాం.

తరగతిలో, ఇంట్లో చేయదగినవి

మనసు చీటీ: తరగతిలో ఒక అట్టపెట్టె పెట్టండి. ఉదయం హాజరు తర్వాత పిల్లలు ఒక్క మాటో, బొమ్మో వేసిన చీటీని అందులో వేయాలి. పేరు రాయడం వాళ్ల ఇష్టం.

ఊరి పటం: వదిలి వచ్చిన ఊరి పటం గీయించండి. అవ్వ ఇల్లు, చింతచెట్టు, బోరింగు ఎక్కడున్నాయో చూపమనండి. బెంగపడే పిల్లవాడు మాట్లాడటం మొదలుపెట్టేది చాలాసార్లు అక్కడే.

రెండు గుండ్రాలు: లోపలి గుండ్రంలో 'నా చేతిలో ఉన్నవి', బయటి గుండ్రంలో 'నా చేతిలో లేనివి' రాయించండి. నాన్న పని మారడం బయటిది. రోజుకు ఒక పేజీ కన్నడ చదవడం లోపలిది.

పోస్టు చేయని ఉత్తరం: కోపం వచ్చినవారికి ఉత్తరం రాసి, దాచుకోవాలో చింపేయాలో పిల్లలే నిర్ణయించుకోవాలి.

చింపి అతికించడం: చిన్న తరగతుల పిల్లలకు పాత పత్రికలు ఇచ్చి, ముక్కలు చింపి ఈ రోజు మనసు ఏ రంగులో ఉందో అతికించమనండి.

వీటికి వారానికి రెండు పూటలు, పూటకు 15 నిమిషాలు చాలు. బ్యాగు లేని శనివారం ఉన్న బడిలో ఆ రోజు ఇంకొంచెం ఎక్కువసేపు చేయించవచ్చు. ఇంట్లో అయితే అమ్మో నాన్నో పక్కన కూర్చుని తామూ ఒక కాగితం తీసుకోవాలి. చదువు రాని తల్లి బొమ్మ గీస్తే చాలు. పిల్లలకు అది ఎంతో ధైర్యం.

దాటకూడని హద్దులు

ఈ కాగితాల మీద ఎర్రసిరా పడకూడదు. మన పిల్లలు తెలుగు అక్షరానికి కన్నడ తలకట్టు పెడతారు, మధ్యలో ఇంగ్లిషు మాట కలుపుతారు. వాటిని భాషా పీరియడులో దిద్దుదాం, ఇక్కడ కాదు. మార్కులు వద్దు, గోడకు అంటించడం వద్దు, పిల్లల అనుమతి లేకుండా చదవడం వద్దు. తల్లిదండ్రులు పిల్లల సంచి వెతికి ఉత్తరం చదివితే, ఆ పిల్లవాడు మళ్లీ రాయడు. రాయనని మొండికేసిన పిల్లలను బలవంతపెట్టనూ కూడదు.

ఒక్క విషయంలో మాత్రం రహస్యం పనికిరాదు. తనకు తాను హాని చేసుకోవాలన్న మాట, ఎవరో కొడుతున్నారనో తాకుతున్నారనో సూచించే బొమ్మ కనిపిస్తే వెంటనే పెద్దలు కదలాలి. పెట్టె పెట్టిన మొదటి రోజే ఈ సంగతి పిల్లలకు చెప్పి ఉంచాలి. అలాగే వారాల తరబడి నిద్ర, తిండి తగ్గినా, బడికి రానని ఏడ్చినా, ఆటలు పూర్తిగా మానేసినా కాగితంతో సరిపెట్టకూడదు.

అందుకు మన ఊరిలోనే దారి ఉంది. హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలపై హింస ఉంటే 1098కి చెప్పాలి. ఈ రెండు నంబర్లను మనసు చీటీల పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. పిల్లలు కూడా చదువుకుంటారు.