ఏసీ కొనే ముందు డాబా ఎక్కి చూడండి!

రెంటచింతల పేరు వింటే చాలు, ఎండ గుర్తొస్తుంది. వేసవిలో రాష్ట్రంలోని మంటెక్కే ఊళ్ల జాబితాలో దాని పేరు తరచూ కనిపిస్తూనే ఉంటుంది. మాచర్ల, గురజాల, నరసరావుపేటల్లోనూ మే నెల ఎండలు తక్కువేం కావు. పగలు ఎలాగోలా గడిచినా, రాత్రి పడుకుందామంటే పై అంతస్తు గది కాలిన పెనంలా ఉంటుంది. వెంటనే ఏసీ కొందామనిపిస్తుంది. కానీ ఆ వేడిలో చాలాభాగం దిగేది ఇంటి కప్పు నుంచే. ముందు దాని సంగతి చూస్తే కరెంటు బిల్లూ తగ్గుతుంది, ఒంటికీ మేలు.

రాత్రి ఉక్క ఎందుకు?

కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండను పీల్చుకుంటుంది. ఆ వేడి నెమ్మదిగా కిందికి దిగి, పొద్దు వాలాక గదిలోకి చేరుతుంది. అందుకే బయట చల్లబడినా లోపల ఉక్క తగ్గదు. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచకపోగా మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.

పగలు ఎండదెబ్బ తిన్న శరీరం తేరుకోవాల్సింది రాత్రి నిద్రలోనే. ఆ అవకాశం లేకపోతే గుండె మీద, కిడ్నీల మీద భారం పెరుగుతుంది. ముసలివాళ్లకు, పసిపిల్లలకు, గర్భిణులకు, బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారికి ముప్పు మరీ ఎక్కువ. 2015 వేసవిలో మన రాష్ట్రంలో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇంటిని చల్లగా ఉంచుకోవడం ఆరోగ్య విషయమే.

మందు మన పక్కనే ఉంది

పిడుగురాళ్ల సున్నానికి పెట్టింది పేరు. ఆ తెల్లటి సున్నమే అన్నిటికన్నా చవకైన చలువ కప్పు. నల్లబడిన శ్లాబు ఎండను మింగేస్తే, తెల్లటి కప్పు చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. సున్నం బట్టీల్లో పొగ తప్పదు గానీ, ఒక డాబాకు కావాల్సింది కొద్దిపాటే. పైగా దూరం నుంచి లారీల్లో తెప్పించే పని లేదు.

హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 2017లో 25 పేదల ఇళ్ల కప్పులకు ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. పొర లేని ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీల వేడి తగ్గింది. రెండు డిగ్రీలే కదా అనుకోవద్దు, నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ అంత తేడా చాలు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చలువ కప్పుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది.

సున్నం వేసే పద్ధతి

• ఎండలు ముదరకముందే, ఉగాది లోపు పని ముగించండి.
• ముందు పగుళ్లు పూడ్చి, నీటి కారుడు ఆపండి. పాకుడు, దుమ్ము గీకి కడగండి.
• సున్నాన్ని జల్లెడ పట్టి, జిగురు కలిపి, కప్పును తడిపి రెండు మూడు పూతలు వేయండి. వానలకు పోతుంది కాబట్టి ఏటా మళ్లీ వేయాలి.
• రాతి సున్నం నీళ్లలో వేస్తే కుతకుతా ఉడుకుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే నలపకుండా కనీసం 20 నిమిషాలు నీళ్ల ధార కింద కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఏటా ఆ శ్రమ వద్దనుకుంటే కూల్ రూఫ్ పెయింట్లు ఉన్నాయి. ధర ఎక్కువే అయినా కొన్నేళ్లు నిలుస్తాయి. కొనేటప్పుడు డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ సంఖ్య చూడండి. అది ఎంత ఎక్కువుంటే కప్పు అంత చల్లగా ఉంటుంది.

మీ కప్పుకు ఏది నప్పుతుంది?

సిమెంటు రేకులు: పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని పీచు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు దారితీయవచ్చు. వాటిని కోయడం, రంధ్రాలు చేయడం, గీకి రుద్దడం చేయకండి. పైకి ఎక్కితే విరిగి కిందపడే ప్రమాదమూ ఉంది. పగిలినవాటిని తడిపి, జాగ్రత్తగా తీయించి మార్చుకోండి.

పెంకుటిల్లు: కూల్చేసి శ్లాబు వేయడానికి తొందరపడకండి. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది. విరిగిన పెంకులు మార్పిస్తే చాలు.

కొత్త ఇల్లు: శ్లాబు అడుగు భాగంలో మట్టి పెంకులు అమర్చి కాంక్రీటు పోసే పద్ధతిని కేరళలో లారీ బేకర్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. సిమెంటు ఆదా అవుతుంది, వేడి తగ్గుతుంది. ఇంజినీరు సలహా లేకుండా మాత్రం వద్దు.

మిద్దె తోట: నీడ, కూరగాయలు రెండూ దక్కుతాయి. అయితే తడిమట్టి బరువు శ్లాబు మోయగలదో లేదో ముందే కనుక్కోండి. కుండీల కింది పళ్లేల్లో నీరు నిలిస్తే డెంగీ దోమలు చేరతాయి.

సోలార్ పలకలు: కరెంటుతోపాటు కప్పుకు నీడా ఇస్తాయి. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78,000 వరకు రాయితీ ఉంది. పలకల కింద మిగిలిన చోట తెల్ల పూత వేయించండి.

ఇది మరవద్దు

కప్పు తెల్లగా ఉన్నా పొద్దుగూకాక కిటికీలన్నీ తెరవాలి, నీళ్లు బాగా తాగాలి. ఇంట్లో ఎవరైనా ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటి మీద చల్లని నీళ్లు చల్లి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.