రిపోర్టు వచ్చేలోగా

ద్రాక్షారామం నుంచి కాకినాడకి సుమారు 30 కిలోమీటర్లు. రామచంద్రపురం మీదుగా బస్సు నింపాదిగా వెళ్ళినా గంటంపావులో దిగిపోతాం. అక్కడ రంగరాయ వైద్య కళాశాల ల్యాబులో ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష, నమూనా సిద్ధం చేయడంతో కలిపి, అయిదారు గంటల పని. దారీ పరీక్షా కలిపినా ఒక్క పగటితో తెమలాలి. కానీ 2020 ఆగస్టు, సెప్టెంబరుల్లోనూ, మళ్ళీ 2021 ఏప్రిల్, మే నెలల్లోనూ ఈ ప్రాంతంలో ముక్కులో పుల్ల పెట్టించుకుని ఇంటికొచ్చిన వాళ్ళు మూడేసి నాలుగేసి రోజులు, కొందరైతే అంతకన్నా ఎక్కువే, మెసేజీ కోసం ఫోను పట్టుకుని కూర్చున్నారు. "రిపోర్టొచ్చిందాండీ?" అని వీధిలోంచి పలకరింపు. "ఇంకా లేదండి" అని కిటికీలోంచి జవాబు.

ఆ రోజులన్నీ ఎక్కడ ఖర్చయ్యాయో తెలిస్తే, వాటిని ఎలా గడపాలో కూడా తెలుస్తుంది. కరోనా ఇప్పుడు వార్తల్లో లేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితిని ఎత్తేసింది. వైరసు మాత్రం వానాకాలపు జ్వరాల్లో ఒకటై మన మధ్యే తిరుగుతోంది. కాబట్టి ఇది గడిచిపోయిన కథ అని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. ఆ రోజుల్లో నమూనాలు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికీ, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకీ వెళ్ళేవి. తర్వాత కాకినాడలోనే పరీక్ష మొదలైంది. గోదావరి వాళ్ళకి దూరం తగ్గింది, వరస మాత్రం పెరిగింది. 2022లో జిల్లాలు విడిపోకముందు తూర్పు గోదావరి జిల్లా రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు నమోదైన జిల్లా. 2020 ముగిసేలోపే లక్ష దాటాయి. జ్వరాలు అన్ని ఊళ్ళలోనూ ఒకేసారి వస్తుంటే నమూనాలూ ఒకేసారి వచ్చి పడతాయి.

పుల్ల తీసిన చోట ఏం జరుగుతుందో చూద్దాం. ముక్కు లోపలి గోడకీ, గొంతుకీ రాసిన పుల్లని ఒక చిన్న గొట్టంలోని ద్రవంలో ముంచి, బయటికి మిగిలిన ముక్క విరిచేసి మూత బిగిస్తారు. గొట్టం ఐసు పెట్టెలోకి వెళ్ళాలి. మన మే నెల ఎండలో పెట్టె మూత ఎన్నిసార్లు తెరిచారన్నది కూడా లెక్కలోకొస్తుంది. పేరు, వయసు, ఫోను నంబరు ఫారంలో ఎక్కుతాయి, ఆ నమూనాకి ఎస్‌ఆర్‌ఎఫ్ అనే గుర్తింపు నంబరు పుడుతుంది. ఇక్కడ ఒక్క అంకె తప్పు పడితే మీ రిపోర్టు ఇంకెవరి ఫోనుకో పోతుంది. నమూనాలు తీసే కేంద్రం నుంచి గొట్టాలు సాయంత్రానికి గానీ బండెక్కవు. ల్యాబులో యంత్రం పళ్ళెంలో 96 గుంటలుంటాయి. కొన్ని సరిచూసుకునే నమూనాలకి పోగా మిగతావి నిండేదాకా ఆగి, ఒక విడతగా నడుపుతారు. తేడాగా ఉన్నవి మళ్ళీ చేస్తారు. ఆ తర్వాత ఎవరో ఒకరు కూర్చుని ఫలితాలు కంప్యూటరులోకి ఎక్కించాలి. ఇంత వరసలో యంత్రం తీసుకునేది అతి తక్కువ సమయం. మిగతా రోజులన్నీ గొట్టం తన వంతు కోసం ఎదురుచూసిన రోజులే.

యంత్రం చేసే పని మాత్రం నిజంగా ముచ్చటైనది. కరోనా వైరసు లోపల ఉండేది ఆర్‌ఎన్‌ఏ. పీసీఆర్‌కి డీఎన్‌ఏ తప్ప పనికిరాదు. అందుకని ముందు ఒక ఎంజైముతో ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాయిస్తారు, శిథిలమవుతున్న తాటాకు ప్రతిని కాగితం మీదికి ఎత్తి రాసుకున్నట్టు. ఆపైన వేడి చేసి చల్లార్చే ఒక్కో చుట్టుకీ వైరసు ముక్క రెట్టింపవుతుంది. ఒక్క ముక్క 35 చుట్లు తిరిగిందంటే 3,400 కోట్లు దాటుతుంది. 1983లో కేరీ మల్లిస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ పద్ధతి కనిపెట్టాడు, పదేళ్ళకి నోబెల్ బహుమతి వచ్చింది. ఎన్నో చుట్టులో వైరసు జాడ కనిపించిందో ఆ సంఖ్యనే సీటీ విలువ అంటారు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 35 లోపు వస్తే పాజిటివ్ అంది. ఈ అంకె ఎంత తక్కువైతే నమూనాలో వైరసు అంత ఎక్కువ. ఊపిరితిత్తుల స్కానింగులో 25కి ఇన్ని అని వేసే స్కోరు వేరే సంగతి, అక్కడ అంకె పెరిగితే ప్రమాదం. 2021లో ఈ రెండూ కలిపేసుకుని ఎంతమంది హడలిపోయారో, ఎంతమంది ఊరికే ధైర్యం తెచ్చుకున్నారో చెప్పలేం.

వరస తగ్గించడానికి వేరే దారులూ వచ్చాయి. క్షయ కోసం గోవా సంస్థ ఒకటి తయారు చేసిన ట్రూనాట్ చిన్న యంత్రాలని మన రాష్ట్రం కరోనాకి విరివిగా వాడింది. ఆర్టీసీ బస్సులని మార్చి 'సంజీవని' పేరుతో నమూనాలు తీసే బస్సులుగా తిప్పారు. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షకి అనుమతిచ్చింది. అది అరగంటలో తేలుతుంది. 2021 మేలో ఇంట్లోనే చేసుకునే కిట్టు కూడా వచ్చింది. అయితే యాంటిజెన్ పరీక్షలో రెట్టింపు చేయడమనేది లేదు. ఉన్న వైరసు ప్రొటీనుని ఉన్నంతలో పట్టుకోవాలి. అందుకే దాంట్లో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. లక్షణాలుండీ నెగటివ్ వస్తే ఆర్‌టీ-పీసీఆర్ చేయించాలని మొదటి నుంచీ నిబంధన ఉంది. ఆచరణలో ఆ రెండో అడుగు చాలామంది వెయ్యలేదు. చేతిలో 'నెగటివ్' కాగితం ఉంటే ఎవరు మళ్ళీ వరసలో నిలబడతారు?

ఆర్‌టీ-పీసీఆర్ కూడా వేదవాక్కు కాదు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2020లో ఏడు అధ్యయనాల లెక్కలు కలిపి చూశారు. లక్షణాలు మొదలైన రోజే పరీక్ష చేస్తే, వైరసు సోకిన ప్రతి 100 మందిలో 38 మందికి నెగటివ్ వచ్చే అవకాశం ఉంది. మూడు రోజులు గడిచాక చేస్తే 20 మందికి. అంటే కంగారుగా మొదటి రోజే పరిగెత్తినవాడికి తప్పు కబురు అందే అవకాశం ఎక్కువ. పుల్ల సరైన చోటికి వెళ్ళకపోయినా ఫలితం తప్పుతుంది. నెగటివ్ అంటే నమూనాలో వైరసు దొరకలేదని మాత్రమే. ఇంట్లో మరొకరికి పాజిటివ్ వచ్చి, మీకు జ్వరం, దగ్గు ఉండి, కూర వాసన ముక్కుకి తెలియడం మానేస్తే, కాగితం మీద ఏం రాసున్నా మీకు కరోనా వచ్చిందనే లెక్క.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. మొదటి ఉద్ధృతి వానాకాలంలో వచ్చింది. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ మామూలుగా ఉండే కాలం. రెండోది దాళ్వా వరి కోతలప్పుడు వచ్చింది. అప్పుడు జ్వరమంటే వడదెబ్బ. కరోనా రిపోర్టు వచ్చేలోగా చాలామందికి వీధి చివర ల్యాబులో వైడాల్ పరీక్ష అయిపోయింది, 'టైఫాయిడ్' అని తేలిపోయింది, సెలైను ఎక్కింది. వైడాల్ వెతికేది టైఫాయిడ్ క్రిమిని కాదు, దానికి ఎదురుగా ఒంట్లో పుట్టిన యాంటీబాడీలని. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ గుర్తులు ఇప్పటికీ కనిపించొచ్చు, వేరే జ్వరాల్లోనూ కనిపించొచ్చు. అప్పట్లో టైఫాయిడ్ అనే పేరుకి గిరాకీ ఉండటానికి ఇంకో కారణం సిగ్గు. టైఫాయిడ్ అంటే పక్కింటివాళ్ళు పెరుగు పంపిస్తారు. కరోనా అంటే వీధికి కర్రలు కట్టి, బ్లీచింగ్ చల్లి, 108 వచ్చి ఎక్కించుకుపోతే ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుంది. మొదటి నెలల్లో మనం చేసిన ఆ హంగామాయే జనాన్ని పరీక్షకి దూరం చేసిందని నా అభిప్రాయం. దాని ఖరీదు కూడా ఇక్కడే చూశాం. 2020 మేలో జి.మామిడాడలో ఒకాయన చనిపోయాక, ఆయన కలిసినవాళ్ళని వెతికితే పదుల కొద్దీ కేసులు బయటపడ్డాయి.

కాలం లెక్క అసలైన సంగతి. వైరసు పక్కవాళ్ళకి ఎక్కువగా అంటేది లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచి, కనిపించాక అయిదు రోజుల దాకా. రోగికి ఊపిరి ఇబ్బంది వస్తే సాధారణంగా వారం దాటుతుండగా వస్తుంది. ఇప్పుడు లెక్కేయండి. జ్వరం వచ్చాక రెండు రోజులు మాత్రలతో సరిపెట్టారు, మూడో రోజు నమూనా ఇచ్చారు, రిపోర్టు ఆరో రోజునో ఏడో రోజునో వచ్చింది. అప్పటికి అంటించాల్సిన వాళ్ళకి అంటించేశారు, ప్రమాదపు వారం గుమ్మంలోకొచ్చింది. రిపోర్టు వచ్చిన రోజుని మొదటి రోజుగా లెక్కపెట్టుకున్న మనిషి, నిజానికి ఎనిమిదో రోజున ఉండి కూడా "నిన్ననే కదా పాజిటివ్ వచ్చింది" అని నిశ్చింతగా ఉంటాడు. 2021లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇంటి ఏకాంతం లెక్క లక్షణాల నుంచే. పది రోజులు గడవాలి, చివరి మూడు రోజులు జ్వరం ఉండకూడదు. ఆ తర్వాత మళ్ళీ పరీక్ష అక్కర్లేదన్నారు. చచ్చిన వైరసు ముక్కలు వారాల తరబడి పీసీఆర్‌లో కనిపించొచ్చు.

కాబట్టి పుల్ల ఇచ్చి ఇంటికి రాగానే పాజిటివ్ అనుకునే మసలుకోవాలి. డెల్టా పల్లెల్లో అందరికీ విడి గదీ, విడి స్నానాలగదీ ఉండవు. వసారాలో నులకమంచం వేసుకుని, గాలి ఆడేలా ఉంటే మూసిన ఏసీ గది కన్నా అదే మేలు. ఈ వైరసు ప్రధానంగా గాలిలోనే పాకుతుంది. పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగిన శ్రమంతా కిటికీలు తెరవడం మీద పెట్టి ఉంటే బాగుండేది. స్నానాలగది ఒక్కటే అయితే రోగి చివర్న వాడి, కాసేపు తలుపు, కిటికీ తెరిచి వదిలేస్తే చాలు. అన్నం గుమ్మం దగ్గర పెట్టడం, ఇద్దరూ మాస్కు కట్టుకోవడం, ముసలివాళ్ళని మరో ఇంటికి పంపకుండా అదే ఇంట్లో దూరంగా ఉంచడం. పంపితే అప్పటికే అంటుకున్న వైరసుని ఆ ఇంటికి మోసుకెళ్ళే ప్రమాదం ఉంది.

ఆక్సిమీటరు గురించి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. వేలికి గోళ్ళరంగు ఉండకూడదు, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వేడెక్కించాలి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి. 94, ఆ పైన ఉంటే సరే. తర్వాత ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిచి మళ్ళీ చూడాలి. 94 కన్నా దిగినా, మొదటి అంకె కన్నా 3 తగ్గినా డాక్టరుకి చెప్పాలి. ముందే తక్కువుంటే ఈ నడక వద్దు. ఇంకో సంగతి: నలుపు రంగు ఒంటి మీద ఈ పరికరం ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే వీలుందని 2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు చూపించారు. ఎండలో పనిచేసే మన వాళ్ళు 94 దగ్గర ఊగిసలాడితే ధైర్యం చెప్పుకుని ఊరుకోకూడదు. కరోనాలో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవడం ఉంది. మాటలు చక్కగా ఆడుతున్నాడు కదా అని ఊరుకుంటే మోసపోతాం.

మందుల విషయంలో ఒక్క హెచ్చరిక చాలు. జ్వరానికి పారాసిటమాల్, దాహానికి నీళ్ళు, మజ్జిగ. స్టెరాయిడ్ మాత్రం రిపోర్టు రాకముందు, ఆక్సిజన్ బాగుండగా, ఎవరిచ్చినా మింగొద్దు. బ్రిటన్‌లో 'రికవరీ' పేరుతో జరిగిన మందుల పరీక్షల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మరణాలు తగ్గించింది, కానీ ఆక్సిజన్ అవసరమైన వాళ్ళలోనే. అవసరం లేనివాళ్ళకి మేలు కనిపించలేదు. మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ ఇంజెక్షను వేయించుకుని జ్వరం తగ్గిందని సంతోషించినవాళ్ళకి షుగరు పెరిగింది, కొందరికి ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది.

ఇప్పుడు ఈ జ్వరం ఎక్కువమందిని నాలుగు రోజులు పడుకోబెట్టి పోతోంది, టీకాల వల్లా, ఇదివరకే సోకి ఉండటం వల్లా. షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దవాళ్ళకి మాత్రం అంత తేలిక కాదు. వాళ్ళున్న ఇంట్లో జ్వరం వస్తే, మొదలైన తేదీ క్యాలెండరులో రాసి పెట్టండి. డాక్టరు ముందు అడిగేది అదే. ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, మగతగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా, రిపోర్టు వచ్చిందో లేదో చూడకుండా 108కి ఫోను చేయండి.