బదులు చెప్పు పుస్తకము

మన విద్యార్థులు ఫోనులో చదువు పుస్తకములు అనేకము నిజమునకు పుస్తకములు కావు, పుటల ఛాయాచిత్రములు. పెద్ద పుటను అరచేతి వెడల్పు తెరపై చూపినచో అక్షరములు చీమలవలె కనబడును. పెద్దవి చేసినచో పంక్తి తెర దాటిపోవును. చూపులేని విద్యార్థి స్థితి ఇంకను కష్టము. వ్రాతను చదివి వినిపించు సాధనము ఫోనులోనే ఉన్నను, ఛాయాచిత్రమున దానికి దొరకునవి చుక్కలే గాని అక్షరములు కావు.

ఈ చిక్కును తీర్చుటకు ఈ-పబ్ అను పద్ధతి కలదు. దానినొక మూటగా భావింపుడు. అధ్యాయముల ఫైళ్లు, బొమ్మలు, అక్షరముల రూపమును నిర్ణయించు ఫైలు, ఏది ముందు ఏది వెనుక అని తెలుపు పట్టిక, ఇవన్నియు జిప్ పద్ధతిలో ఒకే మూటగా కట్టబడును. అధ్యాయములను వ్రాయునది వెబ్ పుటల భాషయగు హెచ్.టి.ఎం.ఎల్. లోనే. కావున తెర ఎంత వెడల్పున్నదో అంతకు తగినట్లు పంక్తులు తమంత తామే సర్దుకొనును. 2011లో వెలువడిన మూడవ రూపములో ధ్వనిని, చలనచిత్రమును కూడ చేర్చుటకు వీలు కల్పించిరి.

తెలుగువారు ఒక సంగతి మరువరాదు. పాఠమును యూనికోడ్‌లోనే టైపు చేయవలెను. అందు ప్రతి చిహ్నమునకు ఒక సంఖ్య ఉన్నది. మనము ఒకే అక్షరముగా చూచు 'స్త్రీ' అందు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆరు సంకేతముల వరుస. సంకేతమునకు 3 బైట్ల చొప్పున 18 బైట్లు. 1500 సంకేతముల పుటకు 4500 బైట్లు చాలును. ఆ పుట ఛాయాచిత్రమునకు లక్షల బైట్లు పట్టవచ్చును. అచ్చుపనికి వాడు పాత ఫాంటులలో ఈ సంఖ్యలు చెల్లవు. నేను మొదట కూర్చిన కాంతిపాఠము అట్టి ఫాంటులోనిదే. నా కంప్యూటరులో ముచ్చటగా కనబడినది. విద్యార్థుల ఫోనులలో ఆంగ్లాక్షరముల గజిబిజిగా మారినది. వారము దినముల పని మరల చేసితిని.

ఇక పుస్తకము బదులు చెప్పుట ఎట్లు? ఈ ఉపాయము ఫోనులతో పుట్టినది కాదు. 1950 దశకపు చివర అమెరికాలో నార్మన్ క్రౌడర్ అను ఆయన, పుటలను వరుసగా చదువనక్కరలేని అచ్చుపుస్తకములను రూపొందించెను. ప్రశ్న క్రింద కొన్ని సమాధానములు, ఒక్కొక్క దాని ప్రక్క ఒక పుటసంఖ్య ఉండును. తప్పు సమాధానము ఎన్నుకొన్నవాడు ఆ పుట తిప్పగా, తాను ఎచ్చట పొరబడెనో అచ్చట వ్రాసి ఉండును.

ఈ-పబ్‌లో పుటసంఖ్యకు బదులు లింకు పెట్టిన చాలును. ఉదాహరణకు: నాభ్యంతరము 10 సెం.మీ. గల కుంభాకార కటకము ముందు 15 సెం.మీ. దూరమున దీపమున్నది. ప్రతిబింబము స్పష్టముగా పడుటకు తెరను ఎంత దూరమున ఉంచవలెను? 6, 25, 30 అని మూడు సమాధానములిత్తము. 30 సరియైనది. 25 అన్నవాడు రెండు దూరములను ఊరక కూడినాడు. 6 అన్నవాడు సూత్రము నెరుగును, కాని వస్తుదూరమునకు ఋణగుర్తు పెట్టుట మరచినాడు. వీరిద్దరికిని ఒకే వివరణ ఇచ్చుట వైద్యుడు జ్వరమునకును విరిగిన ఎముకకును ఒకే మందిచ్చుట వంటిది. 25కు సూత్రము పుట్టుక చూపు పుటయు, 6కు గుర్తుల నియమము తెలుపు పుటయు జతపరుపవలెను. రెండింటి చివరను ప్రశ్నకు మరలివచ్చు లింకు ఉండవలెను.

దీపమును వ్రేలితో జరుపగా ప్రతిబింబము కదలు బొమ్మలను జావాస్క్రిప్టుతో చేయవచ్చును. చూచుటకు బాగుండును, కాని చదువు యాప్‌లన్నియు దానిని నడపవు. లింకులకు ఆ బెడద చాల తక్కువ. పుస్తకము ఒకసారి ఫోనులో చేరినచో ఇంటర్నెటు లేకున్నను పనిచేయును.

పుస్తకము కూర్చుటకు సిజిల్ అను ఉచిత సాధనమున్నది. దాని వాడుక నాలుగైదు దినములలో పట్టుబడును. తప్పు సమాధానములను ఎన్నుటయే కష్టమైన పని. అవి ఊహించి వ్రాసినచో కుదురవు. గత పరీక్షల జవాబుపత్రములను ముందుంచుకొని, పిల్లలు నిజముగా చేసిన తప్పులను ఏరవలెను.