ఆయన రిటైరయ్యారు... మరి నేను?

ఉద్యోగం చేసే మగవాళ్లకు రిటైర్మెంటు తేదీ ఒకటుంటుంది. శాలువా, పూలదండ, నాలుగు మంచి మాటలు, ఓ గ్రూప్ ఫొటో! ఇల్లు చూసుకునే ఆడవాళ్లకు ఆ తేదీ ఉండదు. పైగా ఆయన ఇంటికి చేరిన రోజు నుంచి మన డ్యూటీ రెండింతలవుతుంది. పదింటికో టీ, పదకొండింటికి "తినడానికి ఏమన్నా ఉందా?" అనే ప్రశ్న, మధ్యాహ్నం పొగలు కక్కే అన్నం. ఏళ్ల తరబడి పగటిపూట మన ఒక్కరిదే అయిన ఇల్లు ఒక్కసారిగా ఇద్దరిదవుతుంది. దీనికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వరు.

మావారు కడపకు దగ్గర్లో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. 2023 ఫిబ్రవరి నెలాఖరున రిటైరయ్యారు. అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి బెంగళూరులో ఉన్నారు. ఇద్దరిదీ ఒకటే మాట: "ఆ ఎండల్లో మీరిద్దరే ఎందుకు? ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేయండి." మావారు సగం ఒప్పేసుకున్నారు కూడా. గడువు అడిగింది నేనే. "ఉగాది నుంచి ఉగాది దాకా ఇక్కడే ఉండి చూద్దాం. ఆ తర్వాత చెబుదాం" అన్నాను. ఆ ఏడాది ఎట్లా గడిచిందో చెప్తాను. మీకూ పనికొస్తుందేమో చూడండి.

లెక్కల మాస్టారికి ఓ లెక్క

మొదటి నెలంతా ఆయన పేపరుతో, నేను పొయ్యితో గడిపాం. ఒకరోజు పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా నేను చేసే పనులన్నీ ఓ తెల్ల కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. గొడవ పడలేదు. లెక్కపెట్టమన్నాను, అంతే. నలభై మూడు తేలాయి.

"ఇన్నా?" అన్నారు.

"మీకు వచ్చినవాటికి టిక్కు పెట్టండి" అన్నాను. మూడింటికి పెట్టారు. పాలు తేవడం, కరెంటు బిల్లు కట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం.

అక్కణ్నుంచి వారానికో పని నేర్చుకున్నారు. కుక్కరు పెట్టడం, పప్పు ఎనపడం, బట్టలు ఆరేసి మడతలు పెట్టడం. రాగి సంగటి అయితే నాకన్నా ఆయనకే బాగా కుదిరింది. మెత్తగా ఉడికిన అన్నంలో పిండి పోసి, ఉండలు కట్టకుండా కట్టెతో కెలకాలంటే భుజబలం కావాలి కదా! నేను చెనక్కాయల ఊరిబిండి నూరేసరికి ఆయన చెయ్యి తడి చేసుకుని గుండ్రంగా ముద్దలు చేసిపెట్టేవారు. పక్కింటి వదిన చూసి, "అన్నతో సంగటి కెలికిస్తాండావే!" అని నవ్వింది. "నేను చెప్పలేదు వదినా, ఆయనే కట్టె వదలడం లేదు" అన్నాను.

ఆ జులైలో టమాటా ధర మీకు గుర్తుండే ఉంటుంది. నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లోనే కిలో రెండొందల దగ్గరికి పోయింది. మార్కెట్టుకు వెళ్లొచ్చిన మావారు సగం సంచీ కింద పెట్టి, "ఇన్నాళ్లూ నెల ఖర్చు ఎట్లా నెట్టుకొచ్చావే?" అని అడిగారు. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి!

నెలకో రోజు, ఓ ఊరు

ప్రయాణాలంటే పిల్లలు సింగపూరు అన్నారు. నేను జిల్లా మ్యాపు తీశాను. 1988లో కాపురానికి కడపకు వచ్చినదాన్ని, గండికోట చూడలేదంటే నమ్ముతారా? సెలవులొస్తే పుట్టిల్లు, అత్తగారిల్లు, లేకుంటే తిరుపతి. అంతటితో సరి.

నెలకో రోజు బయటికి పోవాలని నియమం పెట్టుకున్నాం. తెల్లవారుజామునే బస్సు, క్యారియర్లో చిత్రాన్నం, పెరుగన్నం, పెద్ద సీసాతో నీళ్లు. అరవై దాటినవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే ఆర్టీసీ బస్సుల్లో 25 శాతం రాయితీ ఉంది. అప్పటికి ఆయనకు అరవై రెండు, నాకు యాభై ఏడు. అప్పట్లో ఆయనకు రాయితీ ఉండేది, నాకు ఫుల్ టికెట్టు పడేది! బస్సులోనూ ఇదే వరస.

ఉగాది రోజున దేవుని కడప గుడితో మొదలుపెట్టాం. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అనీ, వెంకటేశ్వరస్వామి తమ అల్లుడనీ ఇక్కడి ముస్లింలు ఉగాదినాడు టెంకాయలు పట్టుకుని ఈ గుడికి వస్తారు. ఊళ్లోనే ఉండి అన్నేళ్లూ విన్నాను గానీ, వాళ్లతో పాటు వరుసలో నిలబడింది అప్పుడే. నా ముందున్న బురఖా ఆవిడ చంటిబిడ్డను నాకందించి టెంకాయ కొట్టి వచ్చింది.

తర్వాత ఒంటిమిట్ట. అంతటా రాములవారి పెళ్లి నవమినాడు పగలు జరిగితే, ఇక్కడ నవమి దాటాక వెన్నెల రాత్రిలో జరుగుతుంది. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో చేస్తున్నారు. జనం ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సాయంత్రానికే చేరుకుని చోటు చూసుకోవడం మంచిది.

మబ్బు పట్టిన రోజు చూసుకుని జమ్మలమడుగు మీదుగా గండికోట వెళ్లాం. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ కింద పెన్న, పైన కోట. లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం. అంత ధాన్యం కొట్టులో చూసుకోవాల్సిన ఆడవాళ్ల అవస్థే నాకు మొదట తట్టింది!

దసరా తర్వాత బెలుం గుహలు. కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. 2022లో జిల్లాలు మారాక నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. యాత్రికులను 2002 నుంచి లోపలికి పంపుతున్నారు, అదీ దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల మేరకే. లోపల ఉక్క, కాబట్టి నూలు చీరే కట్టుకోండి. పాతాళగంగ వైపు దిగేచోట మావారు నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లయిన కొత్తలో కూడా పదిమందిలో చెయ్యి పట్టుకోని మనిషి!

ఎవరి సాయంత్రాలు వారివి

ఇద్దరికీ ఒకే హాబీ ఉండాలని రూలేం లేదు. అసలు ఉండకపోతేనే మంచిదంటాను. మావారు వారానికి రెండు సాయంత్రాలు బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్తారు. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తెలుగు తాళపత్రాలకు ప్రతులు రాయించిన బంగళా ఉన్న చోటే అది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో గ్రంథాలయం వెలిసింది. లెక్కలు తప్ప మరోటి పట్టని మనిషి ఇప్పుడు ఇంటికొచ్చి శతకాల గురించి మాట్లాడుతున్నారు.

ఆ రెండు సాయంత్రాలూ నావి. పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి బొంత కుట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పెళ్లయ్యాక తీరిక దొరకలేదు. అమ్మ నేతచీర ఒకటి, నా పాత చీరలు మూడు కలిపి మొదలుపెట్టాను. ఎవరికోసమో చెప్పనక్కర్లేదు కదా? అమ్మాయికి అప్పటికే అయిదో నెల.

కాన్పు నెలలు

నవంబరులో అమ్మాయి పురిటికి వచ్చింది, డిసెంబరులో మనవరాలు పుట్టింది. రాత్రి రెండింటి దాకా బిడ్డను నేను చూస్తే, తర్వాత తెల్లారేదాకా ఆయన చూసేవారు. బాలింతకు పత్యం కూరలు నావి, బిడ్డ గుడ్డలు ఉతికి ఆరేయడం ఆయనది. ఏప్రిల్లో ఆ కాగితం రాయకపోయి ఉంటే, ఆ మూడు నెలలూ నేను మంచం పట్టేదాన్నే.

ఓ రోజు అమ్మాయి వాళ్ల నాన్ననే చూస్తూ, "నాన్నా, చిన్నప్పుడు నన్ను నువ్వు ఎత్తుకున్నట్టే నాకు గుర్తులేదు" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఆయన ఏమీ మాట్లాడలేదు. బడి, ట్యూషన్లు, ఇంటి అప్పు... అన్నీ నాకు తెలుసు. ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లకుండా మనవరాలిని భుజాన వేసుకుని మిద్దె మీద తిరుగుతూనే ఉన్నారు.

ఇల్లు అమ్మాలా?

2024 ఉగాది వచ్చింది. పిల్లలు మళ్లీ అడిగారు. మాకు అప్పటికే ఓ సంగతి తెలిసింది. ఆగస్టులో అమ్మాయి దగ్గర ఇరవై రోజులున్నాం. లిఫ్టు, పార్కు, పనిమనిషి, తెలుగు మాట్లాడేవాళ్లు, అన్నీ ఉన్నాయి. అయినా వారం తిరక్కుండానే ఆయన పేపరులోకి, నేను వంటింట్లోకి వెళ్లిపోయాం. పిల్లల తప్పేం లేదు. వాళ్ల ఇంట్లో పనులు పంచుకునే హక్కు మాకు ఉండదు, అంతే.

అందుకని ఇల్లు అమ్మలేదు. ఏడాదిలో పిల్లల దగ్గర తలా రెండు నెలలు, మిగతా ఎనిమిది నెలలు కడపలో. మరి మా ఇద్దరిలో ఒకరమే మిగిలితే? ఆ మాట నోరు తెరిచి అనుకోవడానికే మాకు ఏడాది పట్టింది. అప్పుడు ఎవరు మిగిలితే వాళ్ల ఇష్టమే చెల్లాలని పిల్లల ముందే అనుకున్నాం. పెన్షన్ జమయ్యే ఖాతాలో నా పేరూ ఉందో లేదో, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఎక్కడున్నాయో, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఎక్కడ ఇవ్వాలో ఆయన వెంట తిరిగి తెలుసుకున్నాను. అన్నీ ఒకే ఫైల్లో పెట్టాం. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసినట్టే ఇవీ ఇల్లాలికి తెలిసి ఉండాలి.

మీ ఇంట్లోనూ ఎవరైనా త్వరలో రిటైరవబోతున్నారా? అయితే శాలువా కప్పే రోజు దాకా ఆగకండి. ఇప్పుడే ఓ తెల్ల కాగితం తీసి మీ పనులన్నీ రాయండి. నలభై మూడు కన్నా ఎక్కువే తేలతాయి, చూడండి!