ప్రతిలేఖనశుద్ధి : ఎంజైముల యాకృతి

తాళపత్రగ్రంథములను బరిష్కరించువారికి లేఖకప్రమాదములు క్రొత్తవి కావు. మాతృకలోఁ బకారమున్నచోఁ బ్రతిలో వకారము పడుట, యొక పంక్తి జాఱిపోవుట యెల్లరు నెఱిఁగినవే. ప్రాణికణమునందును నిట్టి ప్రతిలేఖనము జరుగుచున్నది. అందలి మాతృక డి.ఎన్.ఏ.; లేఖకుఁడు పాలిమరేసను ఎంజైము. దీనిని గనుఁగొన్న ఆర్థర్ కోర్న్‌బర్గునకు 1959లో నోబెలు బహుమానము లభించెను.

ఈ లేఖకునకుఁ గన్నులు లేవు; చేయి మాత్రము కలదు. 1985లో థామస్ స్టైట్జు బృందము ప్రకటించిన స్ఫటికరూపమును బట్టి చూడఁగా నిది సగము ముడిచిన కుడిచేతిని బోలియుండును. అఱచేతియందు రసాయనక్రియ జరుగును, బొటనవ్రేలు డి.ఎన్.ఏ. పోగును బట్టియుంచును; వచ్చిన యక్షరము మాతృకాక్షరమునకు సరిజోడైనప్పుడే తక్కిన వ్రేళ్లు దానిపై చక్కఁగా ముడుచుకొనును. అచటి బిలము సరిజోడు పట్టునంతటిదే. వికృతమైన జోడు దానియం దిముడదు. అక్షరములను గలుపు హైడ్రోజనుబంధములే శుద్ధికిఁ గారణమని తొల్లి పలువురు తలంచిరి. 1997లో ఎరిక్ కూల్ బృందము, ఆ బంధశక్తి దాదాపు లేక యాకృతిమాత్రము థైమీనును బోలిన కృత్రిమాక్షరమును మాతృకయం దుంచఁగా, ఎంజైము దాని కెదుట అడెనీనునే కూర్చెను. చూచునది యాకృతియే యని దీనివలనఁ దేటపడినది.

ఇంత చేసినను సుమారు లక్ష కొక తప్పు దొరలును. పెక్కు పాలిమరేసులందు వేఱొక గదియుఁ గలదు. తప్పుజోడు పడిన పోగుకొన విడివడి యాగదిలోనికిఁ బోయి కోయఁబడును. అప్పుడు తప్పులు కోటి కొకటిగాఁ దగ్గును. హెచ్.ఐ.వి. ఎంజైమున కీ గది లేదు. ఆ వైరసు తఱచు రూపుమార్చుట కిది యొక కారణము.

డి.ఎన్.ఏ. పాఠము ప్రోటీనుగా మాఱుచోటను శోధకులు కలరు. వారిలో నొకని రహస్యమును మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున రాజన్ శంకరనారాయణన్ బృందము బయల్పఱచెను. ఆమినో ఆమ్లములు బింబప్రతిబింబములవలె వామదక్షిణజాతులు రెండు. ప్రోటీనులందు వామజాతియే చెల్లును. (మన చోడవరపుఁ జెఱకులోని చక్కెర దక్షిణజాతిది, ప్రకృతి పక్షపాత మొక్కొక్కచో నొక్కొక్కవిధము.) ఆమ్లములను మోసికొనివచ్చు టి.ఆర్.ఎన్.ఏ.కు దక్షిణజాతి యంటుకొన్నచో డి.టి.డి. యను ఎంజైము దానిని ద్రుంచివైచును. దోషము నిది యెట్లు గుర్తించునని యడుగవచ్చును. నిజమునకు గుర్తింపదు! 2013లో వెలువడిన వారి పరిశోధనము ప్రకారము, గ్లైసీను ప్రోలీనుల జంట యొకటి బిలద్వారమున నిలిచి వామజాతిని వెలికిఁ ద్రోయును, త్రోయఁబడనిది త్రుంచఁబడును.

ఈ యేర్పాటునం దొక చిక్కు కలదు. వామదక్షిణభేదమే లేని గ్లైసీను నిర్దోషి యయ్యు నందుఁ బడును. ఇ.ఎఫ్.-టియు అను మఱియొక ప్రోటీను దానిని ముందుగానే పట్టుకొని కాపాడునని 2016లో నా బృందమే చూపెను. జంతువులందు డి.టి.డి.కి జ్ఞాతియైన ఏ.టి.డి.లో నా గ్లైసీను ప్రోలీనుల బంధము వేఱువైపునకుఁ దిరిగియున్నది. ద్వార మించుక వెడలుపగుటచే వామజాతి అలనీనును లోనికి వచ్చును. త్రియొనీను టి.ఆర్.ఎన్.ఏ.కుఁ దప్పుగాఁ దగుల్కొనిన అలనీనును ద్రుంచుటయే దాని పనియని 2018లో నిరూపించిరి.