లోపం తేలేదాకా ఫిర్యాదు పూర్తికాదు

కొత్త కారు కొన్న మూడో నెల నుంచే ఇంజిన్ వేడెక్కి దారిలో ఆగిపోతుంటే, యజమాని వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చే ఫిర్యాదులో ఏం రాయగలడు? బండి ఎన్నిసార్లు ఆగింది, సర్వీస్ సెంటర్ ఎన్నిసార్లు బాగుచేశామని పంపింది, ఎంత డబ్బు వదిలింది వంటి తన కంటికి కనిపించినవే రాయగలడు. తప్పు రేడియేటర్‌దా, సిలిండర్ హెడ్‌దా, లేక ఆ మోడల్ డిజైన్‌లోనే ఉందా అన్నది అతనికి తెలిసే దారి లేదు. ఆ వివరాలన్నీ కంపెనీ గుప్పిట్లో ఉంటాయి. కేసు నడిచి, జాబ్ కార్డులు బయటికి వచ్చి, బండి నిపుణుల పరీక్షకు వెళ్లాకే అసలు సంగతి తేలుతుంది. అందుకే మొదట వేసిన ఫిర్యాదును తర్వాత సవరించుకునే వీలు ఉదారంగా ఉండాలనీ, వాహనాల కేసుల్లో అది లేకపోతే న్యాయం సగంలోనే ఆగిపోతుందనీ నా అభిప్రాయం.

ఫిర్యాదులో ఏం రాశామన్నదాని మీదే ఏం దక్కుతుందన్నది చాలావరకు ఆధారపడుతుంది. ఫిర్యాదులో లేని విషయానికి సాక్ష్యం తెచ్చినా న్యాయస్థానాలు సాధారణంగా పట్టించుకోవు. మారుతీ ఉద్యోగ్ మీద వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2006లో, వారంటీలో ఇచ్చిన మాట లోపమున్న భాగాన్ని బాగుచేయడానికీ మార్చడానికీ పరిమితం కాబట్టి కారు మొత్తాన్ని మార్చమనలేమని తేల్చింది. వారంటీ ఒక్కదాన్నే నమ్ముకున్న ఫిర్యాదుకు ఎదురయ్యే చిక్కు ఇదే. 2022లో హ్యుందాయ్ క్రెటా కేసు వేరే దారి పట్టింది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. వాహనం మార్చి ఇవ్వాలన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఢీకొన్న వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కొనుగోలుదారు భౌతికశాస్త్ర పండితుడు కానక్కర్లేదని కూడా చెప్పింది. ఆ మాట సవరణలకూ వర్తించాలి. మొదటిరోజే లోపానికి సరైన పేరు పెట్టలేదని వినియోగదారుణ్ణి శిక్షించకూడదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ అవసరాన్ని ఇంకా పెంచింది. అందులో ఉత్పత్తి బాధ్యత అనే కొత్త అధ్యాయం ఉంది. లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైతే తయారీదారు నుంచి పరిహారం కోరవచ్చు. కానీ ఆ వస్తువుకే కలిగిన నష్టం ఈ అధ్యాయం కిందికి రాదు. అది మామూలు లోపపు ఫిర్యాదుగానే నడవాలి. బ్యాటరీ పనిచేయడం లేదని ఎలక్ట్రిక్ స్కూటర్ మీద వేసిన కేసు నడుస్తుండగానే ఆ స్కూటర్ మంటల్లో చిక్కుకుని ఇంట్లో ఎవరికైనా కాలిన గాయాలైతే, మొదటి ఫిర్యాదు ఇక చాలదు. కొత్త సంఘటననూ కొత్త కోరికనూ చేర్చి తీరాలి. పాత చట్టంలో కోరిన పరిహారాన్ని కూడా కలిపి కేసు ఏ కమిషన్‌కు వెళ్లాలో లెక్కించేవారు కాబట్టి, మొత్తం పెంచితే విచారణాధికారమే మారిపోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు వస్తువుకు చెల్లించిన ధరే కొలమానం; 50 లక్షల రూపాయల దాకా జిల్లా కమిషనే వింటుంది. ఆ భయం తొలగింది.

సవరణలు ఒప్పుకుంటూ పోతే కేసులు సాగుతాయని కంపెనీల న్యాయవాదులు అంటారు. ఎదుటి పక్షానికి నోటీసు అందాక మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో ఫిర్యాదు తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టమే చెబుతోంది కదా అని గుర్తుచేస్తారు. పరీక్షకు వేరే గడువు పెట్టడంలోనే, నిజం ఆలస్యంగా తేలవచ్చని చట్టం ఒప్పుకున్నట్టయింది. ఆలస్యం వల్ల కంపెనీకి కలిగే ఇబ్బందికి ఖర్చులు ఇప్పించవచ్చు, అదనపు జవాబు వేసుకోనివ్వవచ్చు. కథ మారుస్తున్నారన్నది రెండో అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. గేర్‌బాక్స్ బాగానే ఉందని అఫిడవిట్‌లో రాసిన మనిషి, పరీక్షలో కొత్తగా ఏమీ తేలకుండానే మాట మారిస్తే నమ్మకూడదు. సివిల్ కోర్టుల్లో విచారణ మొదలయ్యాక సవరణ కోరేవారు, తగిన శ్రద్ధ చూపినా ఆ సంగతి ముందే లేవనెత్తలేకపోయామని చూపించాలని 2002లో నిబంధన చేర్చింది అందుకే. అయితే అసలు వివాదం తేలడానికి అవసరమైన సవరణను, ఎదుటివారికి అన్యాయం జరగనంతవరకు, అనుమతించాలని సుప్రీంకోర్టు 2022లో జీవిత బీమా సంస్థ కేసులో మళ్లీ స్పష్టం చేసింది. కమిషన్లు సివిల్ కోర్టులకన్నా బిగుసుకుపోవడానికి కారణం కనిపించదు.

కంపెనీల పక్షాన గట్టిగా నిలిచేది కాలదోషం ఒక్కటే. వివాదానికి కారణం పుట్టిన రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి. ఆ తర్వాత వస్తే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. డీలర్ ఒక్కరి మీదే కేసు వేసి, మూడో ఏట తయారీ కంపెనీని చేర్చబోతే చిక్కొస్తుంది. సివిల్ దావాల్లో కొత్తగా చేర్చిన పక్షం మీద దావా, చేర్చిన రోజునే మొదలైనట్టు లెక్క; సదుద్దేశంతో జరిగిన పొరపాటని కోర్టు నమ్మితేనే ముందు తేదీ దక్కుతుంది. కాబట్టి కంపెనీ పేరు మొదటిరోజే ఫిర్యాదులో ఉండాలి. లోపం పేరు తర్వాత తేలినా ఫర్వాలేదు. పరీక్ష నివేదిక చేతికి వచ్చాక కూడా ఏడాదిపాటు కదలకుండా ఉండి, అప్పుడు వేసిన సవరణ దరఖాస్తును కమిషన్ తోసిపుచ్చితే మాత్రం ఆ ఉత్తర్వును నేనూ తప్పుపట్టను.